చెయ్యి అందినంత మేర

విరిగిన దూలం పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్న డిటెక్టివ్ నిదానం, ముందు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాలు వెలుతురుకి ఎత్తి చూసి ఇంకోసారి తుడిచాడు. ఆయన్ని పిలిపించి ఎదురుగా నిలబడ్డ ల్యాబు ఇంజనీరమ్మకి అవతల కొంప మునుగుతోంది. ఈయనకి ఇవతల అద్దం మీద మరక వదలడం లేదు.

నిదానం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పోలీసుశాఖలో ఉండగా పై అధికారి ఒకాయన విసుగెత్తి తగిలించాడు. ఉద్యోగం వదిలినా పేరు వదల్లేదు. ఆయనకీ దానిమీద కోపమేం లేదు. మధ్యాహ్నం ఇంట్లో కడుపునిండా తిన్నాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వచ్చినచోట కుర్చీ కూడా మెత్తగానే ఉంది. మనిషికి ఇంకేం కావాలన్నట్టుంటాడు ఎప్పుడూ. అలా కుదురుగా ఉన్నవాడికే కళ్ళెదుట ఉన్నది కనపడుతుందని ఆయన నమ్మకం.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు. "ఈ కాంక్రీటు గొడవలు నాకు తెలీవు. మీ అత్తగారికి చెప్పినట్టు చెప్పు."

"మా అత్తగారు లెక్కల టీచరు సార్."

"అయితే మీ ఆయనకి చెప్పినట్టు చెప్పు."

అంత బెంగలోనూ ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో గొంతు కాస్త కుదుటపడింది.

"కాంక్రీటుని ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది సార్. లాగితే మాత్రం బిస్కట్టులా విరుగుతుంది. దూలం మీద బరువు పెట్టి వంచామనుకోండి, పై సగం నొక్కుకుంటుంది, కింది సగం సాగుతుంది. ఆ సాగేచోట కాంక్రీటు చేతులెత్తేస్తుంది. అందుకని నేను కాంక్రీటుని ఫైబర్ గొట్టంలో పోశాను. గాజు పోగుల్ని జిగురులో ముంచి, అచ్చు చుట్టూ చుట్టి ఆరబెడితే వచ్చే గొట్టం. తుప్పు పట్టదు, బరువుండదు, లాగితే తెగదు. లోపల కాంక్రీటు నొక్కుడు చూసుకుంటుంది, బయట గొట్టం సాగుడు చూసుకుంటుంది."

"మొగుడూ పెళ్ళాల్లాగా అన్నమాట."

"ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఉంటేనే సార్. గొట్టం లోపల నున్నగా ఉంటే కాంక్రీటు జారిపోతుంది. అప్పుడు ఎవరి దారి వాళ్ళదే. అందుకే గొట్టం లోపలంతా జిగురు పూసి ఇసుక అంటిస్తాం. ఆ గరుకే ఇద్దరికీ ముడి."

ఇలాంటి దూలాలు మూడు పోశారు ఈ ల్యాబులో. మొదటి రెండూ చక్కగా విల్లులా వంగి, ఇరవై టన్నులు దాటాక గాని తెగలేదు. మూడోదాన్ని నిన్న పొద్దున వంతెన కమిటీ పెద్దల ముందు యంత్రం మీద నొక్కితే తొమ్మిది టన్నులకే ఢామ్మంది. ఇదే పద్ధతిలో ఒక కాంట్రాక్టరు తన కార్ఖానాలో చుట్టిన గొట్టాలతో పోయించిన పది దూలాలు అప్పటికే కాలవ మీది కొత్త కాలినడక వంతెనలో బిగించేశారు. ఇవాళ సాయంత్రం ఆరింటికి తెరవాల్సిన వంతెన, దీంతో ఆగిపోయింది. నాలుగింటికి కమిటీ కూర్చుని, ఇంజనీరమ్మ డిజైనే తప్పని తీర్మానించి, ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేయబోతోంది. ఏళ్ళ తరబడి ఆవిడ పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరు కాబోతోంది.

"లెక్క తప్పయితే తప్పని ఒప్పుకుంటాను సార్," అంది. "కానీ ఇది నా తప్పు కాదని నా మనసు చెబుతోంది. నన్నేమో దీని దగ్గరికి రానివ్వడం లేదు. సీలు వేశారు."

"మనసు చెప్పిందని రిపోర్టులో రాసుకోమంటారా?" అని వెనకనించి వినపడింది.

నిదానం తిరిగి చూడలేదు. సెంటు వాసన ముందొచ్చింది, మనిషి తరవాత వచ్చాడు. వంతెనకి బీమా చేసిన కంపెనీ పరిశోధకుడు. అంతకంటే ముఖ్యంగా, నిదానానికి స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. ఇద్దరిదీ ఒకే వృత్తి కావడంతో పదేళ్ళనించీ ఎక్కడ కేసుంటే అక్కడ ఎదురుపడుతూనే ఉన్నారు. ఏ కేసైనా బావ కంటే ముందు తేల్చాలన్నది ఆ అబ్బాయికి పంతం. అబ్బాయంటే నలభై రెండేళ్ళు.

"ఏరా, ఎప్పుడొచ్చావు?" అన్నాడు నిదానం.

"నేనొచ్చి, చూసి, తేల్చి, రిపోర్టు కూడా సగం రాశాను బావా. నువ్వింకా అద్దాలు తుడుచుకుంటున్నావు."

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. ఏం తేల్చావో చెప్పు, విందాం."

బావమరిది టార్చి తీసి దూలం చివరికి నడిచాడు. నిదానం కూడా లేచి వెళ్ళాడు. అడుగు వెడల్పున్న గొట్టం. కింది అంచున కాంక్రీటు వేలెడు మందం బయటికి తొంగి చూస్తోంది. కాంక్రీటు బయటికి జరిగినచోట, సందులోంచి చూస్తే, గొట్టం గోడకి ఇసుక అంటుకునే ఉంది.

"చూశావా? ఇసుక ఉంది. అవతలి చివరా ఉంది. అంటే తయారీలో లోపం లేదు. ఇసుక ఉన్నా కూడా కాంక్రీటు జారింది. అంటే డిజైనులోనే లోపం. ఇంకేం కావాలి?"

"గొట్టం తెగిందా?"

"లేదు."

"మొదటి రెండిట్లో?"

"తెగాయి," అంది ఇంజనీరమ్మ. "గొట్టం తన బలమంతా వాడేశాకే తెగింది. దీంట్లో గొట్టానికి బరువే అందలేదు సార్."

నిదానం దూలం పొడుగునా నెమ్మదిగా ఒక ప్రదక్షిణం చేశాడు. తలగడ గలీబులో జరిగినట్టు కాంక్రీటు లోపల జరిగింది. చివర్లు రెండూ గరుకు. మరి నడుమ?

"నడిమధ్యన గొట్టం కోసి చూడాలిరా."

"కుదరదు. సీలుంది. ముట్టుకునే హక్కు నాకొక్కడికే."

"అందుకే నిన్నడుగుతున్నాను."

"నాకు అవసరం లేదు బావా. నాది తేలిపోయింది."

"సరే, నీ ఇష్టం. ఓ ఫోను చేసుకుంటాను." నిదానం జేబులోంచి ఫోన్ తీశాడు. "మీ అక్కకి. పోయిన నెల కారు గోడకి ఎక్కించి, కుక్క అడ్డొచ్చిందని చెప్పావటగా. ఆ కుక్కని నేను వెతికాను. దొరకలేదు."

బావమరిది సీలు మీద చెయ్యి వేసి, తానే పీకేశాడు. పీకుతూ ఏదో గొణిగాడు గాని అది రిపోర్టులో రాసే మాట కాదు.

కోత యంత్రం ఇంజనీరమ్మే పట్టుకుంది. దుమ్ము లేచింది. దూలం నడుమ గొట్టాన్ని పలకంత మేర నలుచదరంగా కోసి, ముక్కని ఉలితో ఎత్తింది. ఎత్తడం అంటే ఎత్తక్కర్లేకపోయింది. ముక్క దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. వెనక్కి తిప్పింది. ఇసుక రేణువన్నది లేదు. అద్దంలా నున్నగా మెరుస్తోంది. బావమరిది వంగి చూసి, అందులో తన మొహం కనపడితే అలవాటుకొద్దీ జుట్టు సర్దుకున్నాడు.

నిదానం వేలితో రుద్దాడు. వేలికి జిడ్డంటింది.

"మైనం," అంది ఇంజనీరమ్మ. "గొట్టం చుట్టేముందు ఇనప అచ్చుకి మైనం రాస్తారు సార్, అట్టు పెనానికి అంటకుండా నూనె రాసినట్టు. లేకపోతే గొట్టం అచ్చులోంచి ఊడిరాదు. ఊడదీశాక లోపల కడిగి, మైనం పోయేదాకా తోమి, అప్పుడు ఇసుక పట్టించాలి. ఇక్కడ కడగనే లేదు."

"కడగలేదా?" బావమరిది ఎగిరి గంతేశాడు. "అయితే డిజైను కాదు, అజాగ్రత్త! ఇంకా మంచిది. చేసింది నువ్వేగా అమ్మాయీ!"

ఇంజనీరమ్మ గోడ దగ్గరికెళ్ళి, అక్కడ తగిలించి ఉన్న పొడుగాటి కర్ర తెచ్చింది. దూలం కంటే పొడుగుంది. చివర ఇసుకా జిగురూ గట్టిపడ్డ రోలరు. "నేను దీంతో పట్టిస్తాను. ఈ చివరినించి ఆ చివరికి. నడుమ వదిలేయడం కావాలన్నా కుదరదు."

"ఇసుక ఎక్కడిదాకా ఉందో చూద్దాం," అన్నాడు నిదానం. "చివరివైపు కోసుకుంటూ రామ్మా."

ఇంకో కిటికీ కోశారు. నున్నన. దాని పక్కన ఇంకోటి. అక్కడ ఇసుక మొదలైంది. కానీ గీత గీసినట్టు మొదలవలేదు. నాలుగు సన్నటి చాళ్ళు, పక్కపక్కనే, గరుకులోంచి నునుపులోకి సాగి, ఆగిపోయాయి. గోడకి సున్నం చేత్తో పులిమితే చివర మిగిలే వేళ్ళ జాడలాగా.

నిదానం కోటు విప్పి కుర్చీకి వేశాడు. దూలం చివర భుజం ఆనించి, చెయ్యి గొట్టం పొడుగునా బారజాపాడు. ఆయన వేళ్ళ చివర్లు ఆ చాళ్ళకి బెత్తెడు ఇవతల ఆగాయి.

"నాకంటే పొడగరి," అన్నాడు. "గొట్టంలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, అందినంత మేర పులిమాడు. అవతలి చివరా అంతే చేసుంటాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు టార్చి వేసి చూసేది అంతవరకేగా! ఈ రెండు చివర్ల ఇసుకే మొత్తం భారం మోసింది, తొమ్మిది టన్నుల దాకా. పాపం, అంతకంటే ఏం మోస్తుంది? ఒరేయ్ బామ్మర్దీ, ఇది ఈ అమ్మాయి చేసిన గొట్టం కాదు."

బావమరిది మళ్ళీ వంగి చూశాడు. "అంటే... దూలం మార్చారా?"

నిదానం క్రేన్ డ్రైవర్ని పిలిపించాడు. ల్యాబులో బరువులన్నీ ఎత్తేది అతనే. భారీ మనిషి, భారీ నవ్వు. ఈ గదిలోకి వచ్చేసరికి నవ్వు మాత్రం బయట వదిలేసి వచ్చాడు.

"మూడో దూలాన్ని యంత్రం మీదికి ఎప్పుడు ఎత్తావు?"

"నాలుగు రోజుల కిందట సార్."

"ఎక్కణ్ణించి?"

"యార్డులోంచి. వీళ్ళవీ, కాంట్రాక్టరువీ అన్నీ ఒకచోటే పోసి, తడి గోనెల కింద పెడతారు సార్."

"నంబరు ఎప్పుడు వేశారు?"

"పోసినప్పుడే సార్. మూడు వారాలైంది."

"ఇలా రా. ఈ మూడంకె చూడు. తెల్లరంగు మీద బెల్టు అల్లిక అచ్చు పడింది. క్రేన్ బెల్టేగా?"

"... అవును సార్."

"మూడు వారాల కిందట ఆరిపోయిన రంగు మీద నాలుగు రోజుల కిందట ఎత్తిన బెల్టు అచ్చు ఎలా పడిందయ్యా?"

డ్రైవరు చెమట తుడుచుకున్నాడు. "నేను తప్పు చెయ్యలేదు సార్. మార్చమన్నారు, మార్చాను. అదీ అమ్మగారే చెప్పారంటే చేశాను."

"మార్చారు!" బావమరిది చిటికె వేశాడు. "కుట్ర! పచ్చి కుట్ర! నేను అప్పుడే అనుకున్నాను." అనుకున్నదేమిటో చెప్పకుండానే ఫోన్ తీసి వరండాలోకి దూసుకుపోయాడు.

"ఒరేయ్, ఆగరా!" అన్నాడు నిదానం. వింటేగా.

ఇంజనీరమ్మ పక్కనున్న బల్ల మీద కూలబడింది. ఏడుస్తోందనుకున్నాడు గాని నవ్వుతోంది. రెండు చేతులతో మొహం కప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. నిన్నటినించీ గుండెల మీద ఉన్న బండ దిగిపోతే మనిషి అలాగే నవ్వుతుంది. "నా లెక్క తప్పలేదు సార్," అంది. "తప్పలేదు." నిదానానికి కూడా కడుపు నిండినట్టయింది. ఈ వృత్తిలో ఆయనకి నిజంగా నచ్చేది ఇదొక్కటే. దొంగని పట్టుకోవడం కాదు, దొంగ కానివాళ్ళ మొహం ఇలా విచ్చుకోవడం చూడటం.

కానీ సగం ప్రశ్న మిగిలే ఉంది. మారిస్తే, ఈ దూలం ఎక్కణ్ణించి వచ్చినట్టు?

"అమ్మగారు చెప్పారని నీతో ఎవరన్నారు?" అని డ్రైవర్ని అడిగాడు.

డ్రైవరు కళ్ళు గోడవైపు పోయాయి. అక్కడ, పొద్దుటినించీ, ఇంజనీరమ్మ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. అక్కకి అన్నం క్యారేజీ తెచ్చి, మళ్ళీ పనికి వెళ్ళకుండా అక్కడే ఉండిపోయిన మనిషి. ముప్పై దాటినవాడు, పొడగరి. కాంట్రాక్టరు కార్ఖానాలో గొట్టాలు చుట్టే పని.

నిదానం వెళ్ళి పక్కనే చతికిలబడ్డాడు. "ఏం నాయనా, ఇంత ఉక్కలో చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టుకున్నావేం?"

అతను తల దించుకునే కుడిచెయ్యి గుండీ విప్పి, చొక్కా పైకి మడిచాడు. మణికట్టునించి భుజం దాకా ఎర్రటి దద్దుర్లు. జిగురు పడని ఒంటికి వచ్చే పొక్కులు. అక్కడక్కడా ఇసుక గీరిన మచ్చలు ఇంకా మానలేదు.

"ఒరేయ్!" అంది ఇంజనీరమ్మ.

"నేనే అక్కా," అన్నాడు. "కడగటానికీ తోమటానికీ రోజులు పడుతున్నాయని, చివర్లు పులిమి పంపెయ్యమన్నాడు కాంట్రాక్టరు. వద్దని చెప్పాను. నీకేం తెలుసు, మీ అక్కకేం తెలుసు అని నవ్వాడు. చేశాను. పదీ నా చేత్తోనే చేశాను. ఆ తరవాత నిద్ర పట్టలేదే."

"నాతో చెప్పచ్చు కదరా!"

"ఏ మొహంతో చెప్పను? నీ పేరు పెట్టిన పని అది. అందుకే వంతెనకి వెళ్ళాల్సిన వాటిల్లో ఒకటి ఆపి, నంబరు వేసి, నీదాని బదులు ఇక్కడ పెట్టించి, నీదాన్ని వంతెనకి పంపించాను. కమిటీ కళ్ళముందు ఇరిగితే వంతెన ఆగుతుంది, నువ్వు కోసి చూస్తావు, మొత్తం బయటపడుతుందనుకున్నాను. సీలేసి, నిన్ను దగ్గరికే రానివ్వకుండా, నీ నెత్తినే రుద్దుతారని నాకేం తెలుసు అక్కా?"

ఆవిడ వాణ్ణి కొడుతుందనుకున్నాడు నిదానం. కొట్టలేదు. ఆ దద్దుర్ల చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, "మందేమైనా రాశావా?" అని అడిగింది. అడిగాక, ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఉండిపోయింది. మిగతాది అప్పుడు తట్టింది ఆవిడకి. మొహంలో నవ్వు ఇగిరిపోయింది.

"అయితే వంతెనలో..."

"నీది ఒక్కటే మంచిది. తక్కిన తొమ్మిదీ ఇలాంటివే."

సరిగ్గా అప్పుడే బావమరిది తిరిగొచ్చాడు. పెళ్ళికొడుకు మొహంతో వచ్చాడు.

"పని అయిపోయింది బావా! కమిటీ పెద్దకి నేనే చెప్పేశాను. నిన్న పరీక్షించింది ల్యాబు దూలమే కాదు, ఎవరో మార్చారు, కాబట్టి ఆ పరీక్ష చెల్లదు అని. మొదటి రెండూ నెగ్గాయి గనక డిజైను భేషు. నాలుగింటి మీటింగు రద్దు. అమ్మాయీ, నీ ఉద్యోగానికి ఢోకా లేదు. వంతెన కూడా అనుకున్నట్టే ఆరింటికి తెరిచేస్తారు!"

ఇంజనీరమ్మ గోడమీది గడియారం చూసింది.

"ఏమిటిది? ఒక్కళ్ళకీ సంతోషం లేదే! కాంట్రాక్టరు నయం. పెద్దగారి పక్కనే ఉన్నాట్ట, ఫోన్ లాక్కుని మరీ మాట్లాడాడు. ఎక్కడ కోశారు, లోపల ఏముంది అని వివరంగా అడిగాడు పాపం. ఈ విరిగిన చెత్త మీకు అడ్డం దేనికని, తీసుకుపోవడానికి లారీ కూడా పంపిస్తానన్నాడు."

"ఒరేయ్," అన్నాడు నిదానం, "నువ్వు మా ఆవిడ తమ్ముడివి కాకపోయుంటే..." తక్కినది మింగేసి, ఇంజనీరమ్మ తమ్ముడు చెప్పింది రెండు ముక్కల్లో చెప్పాడు. బావమరిది మొహంలో రంగు పోయింది.

గేటు దగ్గర హారను మోగింది. క్రేన్ డ్రైవరు కిటికీలోంచి తొంగి చూశాడు. "కాంట్రాక్టరు లారీయే సార్. ఆరుగురున్నారు."

"దూలానికి బెల్టు వెయ్యి," అన్నాడు నిదానం. "కప్పు దాకా ఎత్తేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో. నేను చెప్పేదాకా దించకు. బామ్మర్దీ, ఇది నువ్వు సీలు వేసిన సాక్ష్యం. వెళ్ళి ఆ తలుపుకి అడ్డంగా నిలబడు. నీ నోటికి ఇవాళ పని పడింది."

బావమరిది మారుమాట్లాడకుండా వెళ్ళి నిలబడ్డాడు. క్రేన్ మూలిగింది. దూలం నేలనించి లేచింది.

ఇంజనీరమ్మ అప్పటికే కమిటీ పెద్దకి ఫోన్ కలిపి చెవికి పెట్టుకుంది. "ఏం చెబుతావమ్మా?" అన్నాడు నిదానం. "కోసిన ముక్కలు వాళ్ళు చూసి, నమ్మి, తీర్మానం చేసేసరికి ఆరు దాటిపోతుంది."

"నమ్మించాల్సిన పని లేని మాట చెబుతాను సార్," అంది ఆవిడ. అవతల ఫోన్ ఎత్తిన చప్పుడైంది. ఆవిడ కళ్ళు మూసుకుని, గడగడా అప్పజెప్పింది. "పెద్దగారూ, నేను ల్యాబు ఇంజనీర్ని. దూలం ఎవరూ మార్చలేదు. నిన్నటి పరీక్ష సరైందే. నా డిజైనే తప్పు, నా లెక్కే తప్పు. రాసి సంతకం పెట్టి ఇస్తాను. దయచేసి వంతెన మాత్రం తెరవకండి."

తమ్ముడు "అక్కా!" అని లేచి నిలబడ్డాడు.

ఫోన్‌లో ఎవరో తీరిగ్గా గొంతు సవరించుకున్నారు.

"పెద్దగారు ఇప్పుడే వంతెన దగ్గరికి బయల్దేరారమ్మా," అన్నాడు కాంట్రాక్టరు. "ఫోను నా దగ్గరే మర్చిపోయారు."